పాత స్పోర్ట్స్ కూపే టెస్ట్ డ్రైవ్: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో తక్కువ ధరకి గట్టి ఇంజిన్ ఉన్న రెండు డోర్ల కారు కావాలనుకునేవాళ్ళ కళ్ళు ముందుగా పడేది నిస్సాన్ వాళ్ళ లగ్జరీ బ్రాండ్ ఇన్ఫినిటీ జీ37 కూపే మీద. 2008 మోడల్‌గా వచ్చింది. 2014లో పేరు క్యూ60గా మారినా, 2015 వరకు అదే బాడీ, అదే ఇంజిన్. 3.7 లీటర్ల వీ6, టర్బో లేదు, 330 హార్స్‌పవర్, ఆర్‌పీఎం 7,500 దాకా వెళ్తుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్నేహితుడి కారు ఒక రౌండ్ తిప్పి మనసు పారేసుకున్నవాళ్ళు చాలామందే ఉంటారు. కారు నిజంగానే మంచిదే. కానీ ఇప్పుడు అమ్మకానికి ఉన్నవన్నీ పదేళ్ళు దాటినవి, మూడు నాలుగు చేతులు మారినవి. వీటిని చూసేటప్పుడు మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే అపోహలివి.

అపోహ: ఫ్రీవే ఎక్కి యాక్సిలరేటర్ ఒకసారి గట్టిగా తొక్కితే కారు సంగతి తెలిసిపోతుంది.

నడుస్తున్న ఏ జీ37 అయినా తొక్కితే దూసుకుపోతుంది. జబ్బున్నది కూడా దూసుకుపోతుంది. వీటిలో ఖరీదైన లోపాలు బయటపడేది రెండు సమయాల్లోనే. ఒకటి, రాత్రంతా చల్లారిన ఇంజిన్‌ని మొదటిసారి స్టార్ట్ చేసిన అర నిమిషం. రెండోది, అరగంట పైన నడిచి బాగా వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగిన రెండు నిమిషాలు. స్పీడ్ పరీక్ష ఈ రెండింటి మధ్యలో ఎక్కడో వచ్చే చిన్న ముక్క. చాలామంది ఆ ముక్క ఒక్కటే చూసి చెక్కు రాసేస్తారు.

అపోహ: మనం వెళ్ళేసరికి కారు స్టార్ట్ చేసి, ఏసీ వేసి ఉంచడం అమ్మేవాళ్ళ మర్యాద.

మర్యాదే కావచ్చు, మనకి మాత్రం నష్టం. ఫోన్‌లోనే చెప్పండి: "నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు." వెళ్ళగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉన్నా ఇంకో రోజు ఉదయం వస్తామని చెప్పి వెనక్కి తిరగండి. ఎండలో నిలబెట్టిన కారైతే చెయ్యి మోసపోతుంది కాబట్టి ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని వివరాలు చదివే చిన్న పరికరం) పెట్టి కూలెంట్ ఉష్ణోగ్రత చూడండి. బయటి వాతావరణానికి దగ్గరగా ఉండాలి.

స్టార్ట్ చెయ్యకముందే డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూడండి. కింది గీత దగ్గర ఉంటే, ఇంజిన్ ఆయిల్ తాగుతోందో, ఓనర్ పట్టించుకోలేదో రెండింటిలో ఒకటి. రెండూ మనకి మంచివి కావు. తర్వాత ఒకరు వెనక సైలెన్సర్ దగ్గర నిలబడాలి, ఒకరు కిటికీ దించి స్టార్ట్ చెయ్యాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. చలికాలం ఉదయం పల్చటి తెల్ల ఆవిరి వచ్చి మాయమైతే భయం లేదు. తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తుంటే కూలెంట్ లోపలికి వెళ్తున్నట్టు. ఆర్‌పీఎం మొదట ఎక్కువగా ఉండి, ఇంజిన్ వేడెక్కేకొద్దీ నెమ్మదిగా 700 దగ్గరికి దిగాలి. దిగాక ముల్లు కదలకుండా నిలబడాలి.

అపోహ: పదిహేను నిమిషాల డ్రైవ్ చాలు.

ఈ కారు విషయంలో అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ఈ ఇంజిన్ ముందు భాగంలో, టైమింగ్ కవర్ వెనక, ఆయిల్ వెళ్ళే దారులకి రెండు చిన్న గ్యాస్కెట్లు ఉంటాయి. గ్యాలరీ గ్యాస్కెట్లు అంటారు. మొదట్లో బిగించినవి పేపర్‌తో చేసినవి. ఏళ్ళ తరబడి వేడికి, ఒత్తిడికి ఆ పేపర్ ఒక పక్క చిరిగి ఊడిపోతుంది. అప్పుడు కారిన ఆయిల్ బయటికి రాదు, కవర్ లోపలే జారి మళ్ళీ కింది పాన్‌లోకి చేరుతుంది. నేల మీద చుక్క పడదు, డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గదు. తగ్గేది ఆయిల్ ప్రెషర్. డాష్‌బోర్డ్ మీద ప్రెషర్ మీటర్ లేదు, హెచ్చరిక దీపం ఒక్కటే ఉంది. పరిస్థితి బాగా దిగజారితే తప్ప అది వెలగదు.

చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి ప్రెషర్ నిలబడుతుంది, కారు ముత్యంలా నడుస్తుంది. వేడెక్కి ఆయిల్ పల్చబడ్డాకే అసలు రంగు బయటపడుతుంది. వాల్వ్ టైమింగ్‌ని మార్చే యంత్రాంగం ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తుంది. ప్రెషర్ చాలకపోతే కారు కంప్యూటర్‌లో పీ0011, పీ0021 అనే లోపం కోడ్‌లు పడతాయి, ఐడిల్ (కారు ఆగి ఉండగా ఇంజిన్ తిరగడం) వణుకుతుంది, పికప్ తగ్గుతుంది. పట్టించుకోకుండా నడిపితే క్యామ్‌షాఫ్ట్‌లు అరిగిపోతాయి. మెరుగుపరిచిన మెటల్ గ్యాస్కెట్ల ఖరీదు మొత్తం బిల్లులో లెక్కలోకి రాదు. కానీ వాటిని చేరాలంటే ఇంజిన్ ముందు భాగమంతా విప్పాలి, కూలి వేల డాలర్లలోకి వెళ్తుంది.

అందుకే డ్రైవ్ నలభై అయిదు నిమిషాలకి తగ్గకూడదు. పది నిమిషాలు ఊళ్ళో, ఇరవై అయిదు నిమిషాలు ఫ్రీవే మీద, మిగతాది మళ్ళీ ఊళ్ళో. వెనక్కి వచ్చాక ఇంజిన్ ఆపకండి. ఏసీ ఫుల్‌గా పెట్టి, గేర్ డ్రైవ్‌లో ఉంచి, బ్రేక్ మీద కాలుతో రెండు నిమిషాలు కూర్చోండి. సీటు కింద వణుకు తెలుస్తుందా, ముల్లు ఊగుతుందా చూడండి. తర్వాత ఇంజిన్ ఆపి, అయిదు నిమిషాలు ఆగి, మళ్ళీ స్టార్ట్ చెయ్యండి. వేడి మీద స్టార్ట్ అవడానికి ఎక్కువసేపు తిరిగితే అది కూడా రాసుకోవాల్సిన విషయమే.

అన్నీ బాగున్నా అనుమానం తీరాలంటే ఒకటే దారి. మెకానిక్ చేత ప్రెషర్ సెన్సర్ ఊడదీయించి, ఆ చోట మెకానికల్ గేజ్ బిగించి, వేడి ఐడిల్‌లో రీడింగ్ తీసి, సర్వీస్ మాన్యువల్‌లోని అంకెతో పోల్చడం. గ్యాస్కెట్లు మార్చేశామని ఓనర్ అంటే రసీదు అడగండి. రసీదు లేని మాటని మార్చనట్టే లెక్కవేసి బేరం ఆడండి.

అపోహ: చెక్ ఇంజిన్ లైట్ వెలగడం లేదంటే ఇంజిన్ బాగున్నట్టే.

స్కానర్‌తో కోడ్‌లు చెరపడానికి పది సెకన్లు పడుతుంది. చెరిపిన విషయాన్ని మాత్రం దాచలేరు. ముందు ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా చూడండి. ఆ లైట్ ఒకసారి వెలగాలి. వెలగకపోతే ఎవరో దాని నోరు నొక్కేశారు. తర్వాత స్కానర్‌లో రెడీనెస్ మానిటర్లు, అంటే కారు తనని తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూపే జాబితా, తెరవండి. కోడ్‌లు చెరిపినా, బ్యాటరీ తీసి పెట్టినా ఇవన్నీ "నాట్ రెడీ"కి పడిపోతాయి. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగని శుభ్రపరిచేది), ఈవ్యాప్ (పెట్రోల్ ఆవిరి బయటికి పోకుండా పట్టేది) లాంటివి తిరిగి రెడీ అవ్వాలంటే కొన్ని రోజుల మామూలు వాడకం కావాలి. రోజూ ఆఫీసుకి తిరిగే కారులో మూడు నాలుగు మానిటర్లు నాట్ రెడీగా ఉంటే, నిన్ననో మొన్ననో ఎవరో ఏదో చెరిపారన్నమాట. ఇరవై డాలర్ల బ్లూటూత్ స్కానర్‌తో ఇదంతా ఫోన్‌లోనే కనిపిస్తుంది.

అపోహ: ఎగ్జాస్ట్ మార్చారు, సౌండ్ అదిరింది, అదనపు విలువ.

కంపెనీ పైపులు ఇచ్చేస్తారా అని ముందు అడగండి. సౌండ్ కోసం కొందరు క్యాటలిటిక్ కన్వర్టర్లు తీసేసి ఖాళీ పైపులు వేస్తారు. టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకి సేఫ్టీ తనిఖీ తీసేసినా, డల్లాస్, హ్యూస్టన్ చుట్టుపక్కల కౌంటీల్లో ఎమిషన్ పరీక్ష అలాగే ఉంది. ఖాళీ పైపుల కారు అక్కడ గట్టెక్కడం కష్టం. కాలిఫోర్నియా అయితే మరీ కఠినం. అక్కడ ఎమిషన్‌కి సంబంధించిన మార్పు పార్ట్ అనుమతి నంబర్ లేకుండా కంటికి కనిపించినా ఫెయిలే. కింద పడుకుని, టార్చ్ వేసి, కన్వర్టర్లు ఉన్నాయో లేదో కళ్ళారా చూడండి.

అపోహ: మాన్యువల్ గేర్ అయితే క్లచ్ ప్లేట్ ఒక్కటి చూసుకుంటే చాలు.

ప్లేట్ సంగతి తేలిగ్గా తెలుస్తుంది. ఖాళీ రోడ్డు మీద 35 మైళ్ళ వేగంలో అయిదో గేర్ వేసి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. వేగం పెరగకుండా ఆర్‌పీఎం ఒక్కటే పైకి లేస్తే ప్లేట్ జారుతోంది.

జీ37లో అసలు బలహీనత ప్లేట్ కాదు, దాన్ని విడదీసే స్లేవ్ సిలిండర్. ప్లాస్టిక్ బాడీతో గేర్‌బాక్స్ లోపల, షాఫ్ట్ చుట్టూ ఉంటుంది. అది లీకైతే క్లచ్ పెడల్ నేలకి అంటుకుని పైకి రాదు, నడిరోడ్డు మీద గేర్ పడదు. పార్ట్ చిన్నదే, కానీ మార్చాలంటే గేర్‌బాక్స్ మొత్తం దించాలి. కాబట్టి బాగా వేడెక్కాక, ఆగి ఉన్న కారులో పెడల్‌ని పదిసార్లు తొక్కి, ఆఖరిసారి సగంలో పట్టుకుని అర నిమిషం ఉంచండి. కాలి కింద మెల్లగా కుంగుతున్నట్టు ఉన్నా, పైకి వచ్చేటప్పుడు ఒకచోట ఆగి వచ్చినట్టు ఉన్నా జాగ్రత్త పడాలి. బానెట్ కింద క్లచ్ ఫ్లూయిడ్ డబ్బా మూత తీసి చూడండి. నల్లటి కాఫీలా ఉంటే ఏళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు.

ఆటోమేటిక్‌లో 2008 మోడల్‌కి అయిదు గేర్లు, 2009 నుంచి ఏడు. సిగ్నల్ దగ్గరికి మెల్లగా వచ్చి ఆగేటప్పుడు రెండు నుంచి ఒకటికి దిగే చోట వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఉందా చూడండి. పార్క్ నుంచి రివర్స్, రివర్స్ నుంచి డ్రైవ్ వేసినప్పుడు ఆలస్యం క్షణం దాటకూడదు.

అపోహ: స్పోర్ట్స్ కారు కదా, సస్పెన్షన్ గట్టిగానే ఉంటుంది, చప్పుళ్ళు మామూలే.

గట్టిదనం వేరు, చప్పుడు వేరు. గతుకు మీద కారు ఎగిరితే అది దాని స్వభావం. టక్కుమని శబ్దం వస్తే ఏదో వదులైంది. రేడియో, ఏసీ కట్టేసి, ఖాళీ పార్కింగ్ లాట్‌లో పది మైళ్ళ వేగంతో ముందుకి వెళ్ళి బ్రేక్, వెనక్కి వచ్చి బ్రేక్, ఇలా నాలుగుసార్లు చెయ్యండి. ప్రతిసారీ ముందు నుంచి టక్ వినిపిస్తే ముందు చక్రాలని పట్టి ఉంచే ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు పగిలి ఉండొచ్చు. 60 నుంచి 20కి గట్టిగా బ్రేక్ వేసినప్పుడు స్టీరింగ్ వణికితే అందరూ డిస్క్‌నే అంటారు. ఈ బుష్‌లు పోయినా అదే వణుకు వస్తుంది. కొత్త డిస్కులు వేసినా వణుకు ఆగని కార్లలో తప్పు చాలావరకు అక్కడే ఉంటుంది.

స్టీరింగ్‌ని పూర్తిగా ఒక పక్కకి తిప్పి ఇంజిన్ ఆపండి. ఇప్పుడు ముందు టైరు లోపలి అంచు కనిపిస్తుంది. అరచేతితో అడ్డంగా, లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి నిమరండి. ఒక వైపు నున్నగా జారి, రెండో వైపు రంపం పళ్ళలా గుచ్చుకుంటే అలైన్‌మెంట్ పోయింది. బయటి అంచు కొత్తగా ఉండి లోపలి అంచు బోడిగా ఉంటే, కారుని కిందికి దించే స్ప్రింగ్‌లు ఎవరో వేసి ఉండొచ్చు.

అపోహ: పెద్ద వీల్స్, స్పోర్ట్ బ్యాడ్జ్ ఉంటే అది స్పోర్ట్ ప్యాకేజీ.

వీల్స్ ఎవరైనా కొనుక్కోవచ్చు. స్పోక్‌ల మధ్య నుంచి ముందు బ్రేక్ చూడండి. నాలుగు పిస్టన్ల పెద్ద క్యాలిపర్, 14 అంగుళాల డిస్క్ ఉంటే నిజమైన స్పోర్ట్. టైర్లు ముందు 225/45, వెనక 245/40, 19 అంగుళాలవి. వెనకవి వెడల్పు కాబట్టి ముందుకీ వెనక్కీ మార్చుకోవడం కుదరదు. అవి త్వరగా అరుగుతాయి, ఆ ఖర్చు బడ్జెట్‌లో పెట్టుకోండి. టైరు పక్కన తేదీ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం. గాడి లోతు ఎంత ఉన్నా, అంత పాత టైరు మీద 330 హార్స్‌పవర్ వద్దు.

అపోహ: హిస్టరీ రిపోర్ట్ క్లీన్ అంటే యాక్సిడెంట్ కాలేదు.

కారు పాత చరిత్ర చూపే ఈ రిపోర్ట్‌లోకి, ఎవరైనా నమోదు చేయిస్తేనే యాక్సిడెంట్ ఎక్కుతుంది. చేతి ఖర్చుతో బాగుచేయించుకున్నవి అందులో ఉండవు. పెయింట్ మందం చూసే గేజ్ తీసుకెళ్ళండి. కంపెనీ పెయింట్ మామూలుగా 100 నుంచి 180 మైక్రాన్లు ఉంటుంది. ఒక్క ప్యానెల్ మాత్రం 300 దాటితే మళ్ళీ వేశారు, 1,000 దాటితే కింద పుట్టీ ఉంది.

కూపేలకి ప్రత్యేకమైనది ఇంకొకటి. డోర్ అద్దానికి చుట్టూ ఫ్రేమ్ లేదు. హ్యాండిల్ లాగగానే అద్దం కాస్త కిందికి దిగాలి, మూయగానే పైకెళ్ళి రబ్బరుకి ఆనాలి. రెండు డోర్లనీ అయిదారుసార్లు తెరిచి మూసి చూడండి. దిగకపోతే అద్దం మోటార్ పోతూ ఉండొచ్చు. 70 మైళ్ళ వేగంలో ఒక్క వైపే గాలి ఈల వేస్తుంటే ఆ డోర్ సరిగ్గా కూర్చోవడం లేదు. పొడవైన బరువు డోర్ కిందికి వాలి ఉండొచ్చు, లేదా ఆ పక్కన దెబ్బ తగిలి ఉండొచ్చు.

అపోహ: ఏ కూపే అయినా ఇదే చెక్‌లిస్ట్.

పద్ధతి ఒకటే, వెతికేవి వేరు. జీ37లో టైమింగ్ చైన్, హోండా అకార్డ్ వీ6 కూపేలో బెల్ట్. బెల్ట్ మార్చిన రసీదు లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తీసెయ్యండి. 2007-2010 బీఎండబ్ల్యూ 335ఐలో హై ప్రెషర్ ఫ్యూయల్ పంప్, టర్బోల గలగల, ఎలక్ట్రిక్ వాటర్ పంప్ ఈ మూడూ ముందు చూడాలి. హైదరాబాద్‌లో పాత మస్టాంగ్ చూస్తున్నవాళ్ళకీ చల్లటి స్టార్ట్, వేడి ఐడిల్, పెయింట్ గేజ్ అంతే అవసరం. దాంతోపాటు స్పీడ్ బ్రేకర్ల వల్ల ముందు బంపర్ కింద, అండర్‌ట్రే మీద పడిన గీతలు లిఫ్ట్ మీద ఎక్కించి చూసుకోవాలి.

డ్రైవ్‌కి వెళ్ళే ముందు రోజే వీఐఎన్ (ప్రతి కారుకీ ఉండే గుర్తింపు) నంబర్‌తో ఇన్సూరెన్స్ కోట్ తీసుకోండి. లైసెన్స్ కొత్తగా వచ్చినవాళ్ళకి రెండు డోర్ల స్పోర్ట్స్ కారు ప్రీమియం కొన్నిసార్లు నెల వాయిదాతో పోటీ పడుతుంది. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో అదే నంబర్‌తో రీకాల్ (కంపెనీ ఉచితంగా సరిచేయాల్సిన లోపం) పెండింగ్ ఉందేమో ఉచితంగా తెలుస్తుంది. డీలర్ దగ్గరైతే కిటికీకి అతికించిన బయ్యర్స్ గైడ్ కాగితంలో "యాజ్ ఈజ్" (ఉన్నది ఉన్నట్టు, వారంటీ లేకుండా) గడిలో టిక్ ఉందో, వారంటీ గడిలో ఉందో చదవండి. యాజ్ ఈజ్ అని ఉంటే, మామూలుగా గేటు దాటాక వచ్చే రిపేరంతా మీదే. అలాంటి కారుని డబ్బు కట్టకముందే, మీరు ఎంచుకున్న మెకానిక్ దగ్గరికి లిఫ్ట్ ఎక్కించడానికి పంపమని అడగండి. దానికి ఒప్పుకోని చోట, కారు ఎంత మెరిసినా బేరం మొదలుపెట్టకండి.