వైరస్ కాదండీ, మీరు నొక్కిన 'అలౌ'

సంక్రాంతి వెళ్లిన వారం మా షాపులో రిపేర్ల కన్నా ఓదార్పులే ఎక్కువ. పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఫోన్లు పట్టుకుని వచ్చేస్తారు. "వైరస్ పట్టేసిందండీ, ఫార్మాట్ కొట్టేయండి" అంటారు. ఏం చూశారని అడిగితే ముందు నసుగుతారు. కోడిపందేలు లైవ్‌లో చూద్దామని ఏదో సైట్ తెరిచారట. పండగ లేని రోజుల్లో అయితే క్రికెట్టో, ఇంటర్ రిజల్ట్సో, కొత్త సినిమానో. అప్పట్నుంచీ ఫోన్ టింగు టింగుమంటూనే ఉంది. "మీ ఫోన్‌లో వైరస్‌లు ఉన్నాయి", "రెండు నిమిషాల్లో సిమ్ పాడైపోతుంది", పక్కన ఎర్ర త్రికోణం.

అపోహ: బ్రౌజర్‌లో వైరస్ అని వచ్చిందంటే ఫోన్‌లో వైరస్ ఉన్నట్టే.

వాస్తవం: అసలు వెబ్ పేజీకి మీ ఫోన్‌ని స్కాన్ చేసే దారే లేదు. క్రోమ్ గానీ ఫైర్‌ఫాక్స్ గానీ ప్రతి పేజీనీ గదిలో పెట్టి గడియ వేసినట్టే నడుపుతాయి. మీ గ్యాలరీ తెరవడం, మీ యాప్‌లు వెతకడం ఆ పేజీకి చేతకాదు. అలాంటిది వైరస్‌లు లెక్కపెట్టి మరీ చెబుతోందంటే అబద్ధం చెబుతోందని అర్థం.

"మరి నా ఫోన్ మోడల్ ఎలా చెప్పిందండీ?" అని వెంటనే అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఫోన్ ఏ రకమో బ్రౌజరే సైట్‌కి చెబుతుంది. ఊరి పేరు ఐపీ అడ్రస్‌ని, అంటే మీ నెట్ కనెక్షన్‌కి ఉండే నంబర్‌ని బట్టి ఊహించి వేస్తారు. అందుకే భీమవరంలో కూర్చున్నవాళ్లకి హైదరాబాద్ అని చూపిస్తుంటుంది. ఫోన్ గజగజ వణకడం కూడా అంతే. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో వెబ్ పేజీ ఫోన్‌ని వైబ్రేట్ చేయగలదు. అందులో మాయ ఏమీ లేదు.

అసలు సంగతి నోటిఫికేషన్ పర్మిషన్. సైట్ మూసేశాక కూడా మనకి మెసేజ్‌లు పంపే సౌకర్యం క్రోమ్‌లో 2015లో వచ్చింది. వార్తల సైట్లకీ, మెయిల్‌కీ అది పనికొస్తుంది. పనికిరాని సైట్లు దాన్నే పట్టుకున్నాయి. "మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి అలౌ నొక్కండి", "వీడియో ప్లే అవ్వాలంటే అలౌ నొక్కండి" అని రాస్తాయి. రోబో పరీక్షకీ ఆ బటన్‌కీ సంబంధమే లేదు. ఒక్కసారి నొక్కితే చాలు, మీరు ఆ సైట్ పేరు మర్చిపోయినా అది మిమ్మల్ని మర్చిపోదు.

ఆచంట వైపు నుంచి ఒక మామ్మగారు వచ్చారు. కూతురు కువైట్‌లో ఉంటుంది, మనవడి ఫొటోలన్నీ ఈ ఫోన్‌లోనే. వైరస్ అని ఎవరో భయపెడితే అప్పటికే ఒకచోట ఫార్మాట్ కొట్టించేశారు. కొన్నాళ్లు బాగానే ఉంది, మళ్లీ మొదలైంది. వైరస్ తిరిగొచ్చిందని ఆవిడ కంగారు. ఫార్మాట్ కొడితే పర్మిషన్లు కూడా పోతాయి కాబట్టి ఆ మెసేజ్‌లు ఆగుతాయి. ఇంట్లో పిల్లలు మళ్లీ అదే సైట్ తెరిచి అలౌ నొక్కితే మళ్లీ వస్తాయి. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగి, దాని మీద వేలు నొక్కి పట్టి చూపించాను. పైన క్రోమ్ గుర్తు, పక్కనే సైట్ అడ్రస్. ఆఫ్ చేశాం, అంతే. ఆవిడ కాసేపు దానివంకే చూసి "అంటే ఫొటోలు ఊరికే పోగొట్టుకున్నానా బాబూ?" అన్నారు. కూతురి ఫోన్‌లో మిగిలినవేవో వాట్సాప్‌లో తెప్పించుకున్నారు. పురిటి ఫొటోలు మాత్రం దొరకలేదు.

అందుకే ఫార్మాట్ మాట ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. ముందు ఇది చూడండి. క్రోమ్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ అలౌ చేసిన సైట్ల జాబితా ఉంటుంది. తెలియని పేరు కనిపిస్తే బ్లాక్ చేయండి. పైనున్న బటన్ మొత్తానికే ఆపేసినా నష్టం లేదు, ఇక ఏ సైటూ అడగదు. "అది ఆపితే వాట్సాప్ మెసేజ్‌లు రావేమో" అని చాలామంది వెనకాడతారు. వస్తాయండీ. వాట్సాప్ వేరే యాప్, దాని నోటిఫికేషన్లు వేరే. హిస్టరీ చెరిపేశాం, అయినా వస్తున్నాయంటారు ఇంకొందరు. హిస్టరీ చెరిపితే ఈ పర్మిషన్ పోదు.

తెర నిండా ఎర్ర పేజీ వచ్చి బ్యాక్ పనిచేయకపోతే టెన్షన్ పడొద్దు. పేజీలో ఉన్న 'క్లోజ్', 'ఓకే' ఏవీ నొక్కకండి. క్రోమ్ పైన చిన్న చదరంలో అంకె ఉంటుంది కదా, అది నొక్కి ఆ ట్యాబ్‌ని తీసేయండి.

ఇంతవరకూ చిరాకే. డబ్బు పోయేది తర్వాతి మెట్టులో. వైరస్ తీస్తామని ఆ పేజీ ఇచ్చిన నంబర్‌కి ఫోన్ చేయడం, వాళ్లు చెప్పిన స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోవడం, క్లీనర్ అని ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా యాప్ వేసే ఫైల్) దింపుకోవడం. పేజీ తనంతట తాను చేయలేని పనిని మీ చేతే చేయించడానికే ఆ హడావిడంతా. పెళ్లి శుభలేఖ అనీ, ట్రాఫిక్ చలానా అనీ వాట్సాప్‌లో వచ్చే ఏపీకేలు కూడా ఇదే బాపతు. శుభలేఖకి ఇన్‌స్టాల్ ఎందుకండీ? ఫోన్ సెట్టింగ్స్‌లో 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్' అని వెతికి క్రోమ్‌కీ, వాట్సాప్‌కీ ఆఫ్ చేసిపెట్టండి. బ్రౌజర్ మూసేసినా హోమ్ స్క్రీన్ మీద తెర నిండా ప్రకటనలు పడుతుంటే, పైన సైట్ పేరు లేకపోతే, అది మాత్రం సైట్ పని కాదు. ఈమధ్య వేసిన యాప్‌ని అనుమానించండి. డబ్బు పోయిందని తెలిస్తే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, నా షాపుకి తర్వాత రావచ్చు. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో, అంటే ప్రైవేట్ ట్యాబ్ పెడితే ఎవరికీ తెలియదనుకోవడం తప్పు. ఆ ఫోన్‌లో హిస్టరీ మిగలదు, అంతవరకే. మీరు వెళ్లిన సైట్‌కీ, నెట్ ఇచ్చేవాడికీ తెలుస్తూనే ఉంటుంది. 'డు నాట్ ట్రాక్' అనే బటన్ 'నన్ను వెంబడించొద్దు' అని సైట్లకి చేసే ఉట్టి విన్నపం, చాలా సైట్లు దాన్ని పట్టించుకోవు. ఫైర్‌ఫాక్స్ 2025లో ఆ బటన్‌నే తీసేసింది. థర్డ్ పార్టీ కుకీలు (మీరు తెరిచిన సైట్ కాక, వేరేవాళ్లు మిమ్మల్ని గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లు) బ్లాక్ చేస్తే బ్యాంకు సైట్ ఆగిపోతుందని భయపడతారు. ఎక్కడో ఒక లాగిన్ మొరాయించవచ్చు, అప్పుడు ఆ ఒక్క సైట్‌కీ ఒప్పుకుంటే సరి.

సైట్ అడ్రస్ పక్కన కనిపించే తాళం గుర్తు గురించి మాత్రం ఇంకో మాట. తాళం ఉంటే సైట్ మంచిదని కాదు, దారి మధ్యలో ఎవరూ చదవలేరని మాత్రమే. ఆ తాళం రావడానికి కావాల్సిన సర్టిఫికెట్ మోసగాడికి కూడా ఉచితంగా దొరుకుతుంది. జనం పొరబడుతున్నారనే క్రోమ్ 2023లో ఆ గుర్తు మార్చేసింది. తాళం బదులు అడ్రస్‌లో సైట్ పేరు చివర చూడండి. బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31 లోపు తమ సైట్లను డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కి మార్చాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది. ఆ పేర్లు హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ (రిజర్వ్ బ్యాంక్ పెట్టిన బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ) ఒక్కటే ఇస్తుంది, బ్యాంకులకి తప్ప ఎవరికీ ఇవ్వదు.

బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ సేవ్ చేస్తే ప్రమాదమా అని అడుగుతుంటారు. లాక్ ఉన్న సొంత ఫోన్‌లో అయితే చేసుకోండి. నకిలీ సైట్‌లో అది దానంతటదే పడదు. పడకపోతే టైప్ చేసేముందు అడ్రస్ చూసుకోండి. నెట్ సెంటర్ కంప్యూటర్‌లో మాత్రం వద్దు, నా షాపులోది అయినా సరే.