షేర్లు బావమరిది పేరున, డబ్బు మనది: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని రాయగడలో చిన్న కంపెనీల లెక్కలు, ఫైలింగులు చూస్తుంటాను. గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి వచ్చే మనవాళ్ళది దాదాపు ఒకటే పాట: "పెట్టుబడంతా నాదేనండీ, షేర్లు మాత్రం బావమరిది పేరున ఉన్నాయి. మాలో మాకు తెలుసు కదా, ఇంకెవరికి చెప్పాలి?"

అపోహ: ఇంట్లో తెలిస్తే చాలు.

వాస్తవం: చాలదు. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 89 ప్రకారం కంపెనీ వాటాదారుల రిజిస్టర్‌లో పేరున్న మనిషి ఎంజీటీ-4 అనే డిక్లరేషన్ ఫారం, అసలు యజమాని ఎంజీటీ-5 అనే ఫారం కంపెనీకి ఇవ్వాలి. అవి అందిన 30 రోజుల్లో కంపెనీ ఆ సంగతి కంపెనీల రిజిస్ట్రార్‌కి చెబుతూ ఎంజీటీ-6 వేయాలి. ఇది చెప్పగానే జరిమానా ఎంతని అడుగుతారు. జరిమానా సంగతి సరే, అదే సెక్షన్‌లో ఎనిమిదో ఉపసెక్షన్ చూడండి: డిక్లరేషన్ ఇవ్వని అసలు యజమాని ఆ షేర్ల మీద ఏ హక్కూ అమలు చేయించుకోలేడు, ఆయన తరఫున హక్కు అడిగే వారసులూ అంతే.

ఒక జీడిపప్పు యూనిట్ ఆయన పోయాక భార్య బ్యాంకు కాగితాలు సంచిలో వేసుకుని వచ్చింది. డబ్బు కట్టింది ఆయనేనని ప్రతి కాగితమూ చెబుతోంది, ఎంజీటీ-5 మాత్రం లేదు. షేర్లున్నది ఆవిడ సొంత తమ్ముడి పేరున. "బావ నా బాకీ కింద రాసిచ్చాడు" అంటాడు. కేసు వేద్దామా అంటే "తమ్ముడి మీద కేసేంటండీ" అని ఏడ్చింది. నేనేం చెప్పను?

పోనీ ఫారాలు వేసేస్తే అయిపోతుందా అంటే, బినామీ చట్టం వేరే ఉంది. 2016 సవరణతో ఏడాది నుంచి ఏడేళ్ళ దాకా జైలు, మార్కెట్ విలువలో 25 శాతం దాకా జరిమానా, ఆ పైన ఆస్తి జప్తు. లెక్క చూపగల డబ్బుతో భార్య పేరునో, పిల్లల పేరునో కొంటే మినహాయింపు ఉంది, ఇంటికి ఎంత పెద్దదిక్కయినా బావమరిది ఆ జాబితాలో లేడు. భయపడి రాత్రికి రాత్రి షేర్లు తిరిగి రాయించుకోకండి, అలా రాయడాన్నీ ఈ చట్టమే నిషేధించింది. ముందు వకీలుని కలవండి.

అపోహ: బ్యాంకు అసలు యజమానుల వివరాలు అడిగిందంటే రైడ్ వస్తుంది.

ఈ వాట్సాప్ పుకారు ఎవరు మొదలుపెట్టారో గానీ, పాపం నిద్రలు మానేస్తున్నారు. మనీ లాండరింగ్ నిరోధక నిబంధనల కింద కంపెనీ ఖాతాలన్నిటినీ అలాగే అడుగుతారు. 2023లో అసలు యజమానిగా లెక్కించే వాటా పరిమితిని 25 నుంచి 10 శాతానికి తగ్గించారు, అందుకే ఇదివరకు అడగనివాళ్ళనీ ఇప్పుడు అడుగుతున్నారు. టెన్షన్ వద్దు, నిజం రాసివ్వండి. 9.9 శాతం పెట్టుకుంటే దొరకమనేవాళ్ళు ఒక మాట తెలుసుకోండి: పెత్తనం ఎవరిదన్నది కూడా చూస్తారు.

అపోహ: ప్రతి కంపెనీ బెన్-2 (పరోక్షంగా పెద్ద వాటా ఉన్న అసలు యజమానుల వివరాలు రిజిస్ట్రార్‌కి ఇచ్చే ఫారం) వేయాలి.

అక్కర్లేదు. షేర్లు మీ పేరునే ఉండి, అవి నిజంగా మీవే అయితే వేయనవసరం లేదు. మధ్యలో ఇంకో కంపెనీయో, ఎల్ఎల్‌పీయో, ట్రస్టో, ఉమ్మడి కుటుంబమో ఉండి, దాని ద్వారా మీకు 10 శాతమో ఆపైనో వాటా గానీ, పెత్తనం గానీ ఉంటే అప్పుడు కావాలి. దీనికి ఊరికే ఫీజు గుంజేవాళ్ళున్నారు, జాగ్రత్త.

ఇక ఆఫీసు ఆంధ్రాలోని పార్వతీపురం మార్చేస్తే ఇవేవీ వర్తించవనే మాట. ఇది కేంద్ర చట్టం. కటక్ రిజిస్ట్రార్‌కి వేసినా విజయవాడకి వేసినా అవే ఫారాలు, అదే పోర్టల్.