గుణకం తప్పితే బిల్లు రెట్టింపు: దక్షిణ ఒడిశాలో డిమాండ్ చార్జీ తగవుల నేపథ్యం

పర్లాకిమిడిలో జీడిపప్పు కార్ఖానా నడిపేవారైనా, రాయగడలో రైస్ మిల్లు ఉన్నవారైనా కరెంటు బిల్లు రాగానే ముందు యూనిట్లే చూస్తారు. పెద్ద తప్పు మాత్రం డిమాండ్ చార్జీ గడిలో దాగి ఉండవచ్చు.

వాడిన కరెంటుకు ఒక ధర, వాడకందారు కోసం సిద్ధంగా ఉంచిన సామర్థ్యానికి మరో ధర వేయాలన్న ఆలోచనను 1892లో ఇంగ్లండ్ ఇంజనీరు జాన్ హాప్కిన్సన్ ముందుకు తెచ్చారు. ఆ రెండో ధరే డిమాండ్ చార్జీ. ఒడిశాలో 110 కేవీఏ (కిలోవోల్ట్ ఆంపియర్, సామర్థ్యానికి కొలమానం), ఆపై కాంట్రాక్ట్ డిమాండ్ (ఒప్పందంలో రాసుకున్న సామర్థ్యం) ఉన్నవారికి ఈ పద్ధతే వర్తిస్తుంది. మీటరు నమోదు చేసిన గరిష్ఠ డిమాండ్ (ఆ నెలలో పడిన అత్యధిక లోడు), కాంట్రాక్ట్ డిమాండ్‌లో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానిపై చార్జీ పడుతుంది. అందుకే 150 కేవీఏ ఒప్పందమున్న మిల్లు సీజన్ లేని నెలలో 60 కేవీఏ వాడినా 120 కేవీఏకు కట్టాలి. కడుపుమంట కలిగించినా ఇది తప్పు బిల్లు కాదు. ఒప్పందాన్ని 110కి తగ్గించి, అది అమల్లోకి వచ్చాక కూడా 88 బదులు 120కే వేస్తుంటే అప్పుడు అడగాలి.

పాత అంకెలు అలా మిగిలిపోయే అవకాశం ఇక్కడ ఎక్కువేనని చరిత్ర చూస్తే అనిపిస్తుంది. 1996లో విద్యుత్ బోర్డు స్థానంలో గ్రిడ్‌కో అనే ప్రభుత్వ సంస్థ వచ్చింది. 1999లో గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ వంటి జిల్లాలకు కరెంటిచ్చే సౌత్‌కో ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015లో విద్యుత్ నియంత్రణ కమిషన్ ఆ లైసెన్సును రద్దు చేసింది. 2021 జనవరి 1 నుంచి పంపిణీ టాటా పవర్ నిర్వహణలోకి వచ్చింది. ఇన్ని చేతులు మారినా ఒప్పంద పత్రం మాత్రం యజమాని బీరువాలోనే ఉంటుంది.

అన్నిటికంటే కంటికి ఆననిది గుణకం, అంటే అసలు వాడకం తెలియడానికి మీటరు అంకెను హెచ్చించే సంఖ్య. పెద్ద కరెంటును మీటరు తట్టుకునేంతకు తగ్గించి పంపే పరికరాలను సీటీలు (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు) అంటారు; 200/5 సీటీ 200 ఆంపియర్లను 5కి తగ్గిస్తుంది. 5 ఆంపియర్ల మీటరుకు 200/5 సీటీలు ఉంటే మీటరు అంకెను 40తో, 100/5 ఉంటే 20తో హెచ్చించాలి. 200/5 సీటీలు తీసి 100/5 పెట్టి, రికార్డులో గుణకం మార్చకపోతే 60 కేవీఏ కాస్తా 120 అవుతుంది, యూనిట్లూ రెట్టింపవుతాయి. డిమాండ్, యూనిట్ల గడుల్లో ఒక్కదానిలోనే గుణకం తప్పితే పట్టుకోవడం తేలిక: 60 కేవీఏ డిమాండుతో 30 రోజుల్లో 43,200 యూనిట్లు (60 × 24 గంటలు × 30) దాటడం అసాధ్యం కాబట్టి, దాటితే రెండు అంకెల్లో ఒకటి తప్పన్నమాట.

ఈ తప్పు రెండు వైపులా కోస్తుంది. హర్యానాలో 10 బదులు 5తో హెచ్చించిన కేసులో, తక్కువ పడిన మొత్తాన్ని తర్వాత అడగడం సేవాలోపం కాదని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఎక్కువ కట్టినవారు 2003 విద్యుత్ చట్టం ప్రకారం ముందు ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడ తేలకపోతే అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. వెళ్లేటప్పుడు ఒప్పంద పత్రంతోపాటు సీటీలు మార్చిన రోజున రాసిన నివేదిక, మీటరు నుంచి తీసిన లోడ్ సర్వే (ఏ వేళ ఎంత లోడు పడిందో చూపే రికార్డు) ప్రతి దగ్గర ఉంచుకోవాలి.