ఆయన కదలకుండా ఎందుకు నిలబడ్డాడంటే

మిట్టూరు, చిత్తూరు

పిల్లలూ,

మీరు బస్సెక్కి వెళ్ళి వారమైంది. మీరు తిని మిద్దె మీద పారేసిన మామిడి టెంకలు ఇవాళే ఏరాను. ఏరుతుంటే ఆ రాత్రి మీరడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. ఫోన్‌లో మైకేల్ జాక్సన్ వీడియో పెట్టారు కదా. స్టేడియం నిండా జనం, ఆయనేమో నల్ల కళ్ళజోడు పెట్టుకుని రాయిలాగా నిలబడి ఉన్నాడు. పాట లేదు, అడుగు లేదు, జనం మాత్రం గొంతులు చించుకుంటున్నారు. "తాతా, ఏమీ చేయకుండా నిలబడితే ఎందుకట్లా అరుస్తారు?" అని మీలో చిన్నది అడిగింది. పెద్దోడు "అసలు ఆయన పాడతాడా, ఊరికే పెదాలు కదుపుతాడా?" అన్నాడు. పొద్దున చెప్తా, పడుకోండి అన్నాను. పొద్దున మీకు బస్సు టెన్షన్, నాకు మీ సంచుల టెన్షన్. అందుకే ఈ ఉత్తరం.

నాకు సంగీతం రాదు. ముప్పై ఏళ్ళు చర్చి వీధిలో టీవీలు బాగుచేసి బతికినవాణ్ణి. కాబట్టి పాట సంగతి పాటగాళ్ళను అడగండి, టీవీ సంగతి నేను చెప్తాను.

మీరు చూసిన ముక్కలన్నీ ముందువి వెనక, వెనకవి ముందు అయిపోయాయి. మన భారతం ఉత్సవం జరిగే మిట్ట మీద దుర్యోధనుడి వధ నాడు మాత్రమే వచ్చి కూర్చున్నవాడికి, ఆ మట్టి బొమ్మ తొడ మీద గద పడగానే జనం ఎందుకట్లా ఊగిపోతారో తెలుస్తుందా? పదిహేడు రోజుల కథ విన్నవాళ్ళకు తెలుస్తుంది. ఇదీ అంతే. మొదటి నుంచి రావాలి.

మైకేల్ పుట్టింది 1958లో, అమెరికాలో గ్యారీ అనే ఉక్కు ఫ్యాక్టరీల ఊళ్ళో. నాయన ఆ ఫ్యాక్టరీలో కూలి. అయిదుగురు అన్నదమ్ములు కలిసి జాక్సన్ ఫైవ్ అని పాడేవాళ్ళు, అందరిలో చిన్నవాడు ఈయన. 1969 డిసెంబర్ 14న ఎడ్ సలివన్ అనే ఆయన ఆదివారం రాత్రి షోలో పాడారు. అప్పటికి మైకేల్‌కు పదకొండేళ్ళు. మన దేశంలో ఆ రోజుకు టీవీ అంటే ఢిల్లీ ఒక్కటే, బొంబాయికే 1972 దాకా రాలేదు. అమెరికాలో మాత్రం ఆదివారం రాత్రి ఇంటిల్లిపాదీ ఆ షో ముందు కూర్చునేవాళ్ళు. ఆ వీడియో దొరికితే ఆ పిల్లవాడి కళ్ళు చూడండి. కెమెరా అంటే బెరుకు లేదు. పాటకు ముందు బళ్ళో తనకు నచ్చిన ఒక పిల్ల గురించి పెద్దమనిషిలాగా నాలుగు మాటలు చెప్పి, తర్వాత గొంతెత్తాడు. ఆ గొంతులో బాధ పదకొండేళ్ళ వాడిది కాదు.

తర్వాత కొన్నేళ్ళు గబగబా దాటేద్దాం. 1976, 77లలో ఆ కుటుంబానికి సొంత టీవీ షో కూడా ఉండేది. హాస్యాలు, వేషాలు అన్నీ పెట్టారు. అది తనకు ఇష్టం లేదని ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. వారం వారం ఇంట్లో కనిపించేవాణ్ణి ఎవరూ టికెట్ కొని చూడరని ఆయన భయం. వ్యాపారం తెలిసిన భయమే అది.

ఇక నేను ఆగి చెప్పాల్సింది 1983. వాళ్ళను మొదట పాడించిన మోటౌన్ రికార్డుల కంపెనీకి ఇరవై అయిదేళ్ళు నిండాయని పసదేనా ఊళ్ళో సభ పెట్టారు. మార్చి 25న రికార్డు చేసి, మే 16న టీవీలో వేశారు. మైకేల్ మొదట రానన్నాడు. చివరికి, అన్నలతో పాత పాటలు పాడాక తన కొత్త పాట ఒకటి ఒంటరిగా చేయనిస్తేనే వస్తానన్నాడు. ఆ పాట 'బిల్లీ జీన్'. అది ఆ కంపెనీది కాదు. ఆ కంపెనీ పండగలో ఆ కంపెనీది కాని పాట అదొక్కటే! అన్నలు వెళ్ళిపోయాక ఒక్కడే మిగిలాడు. నల్ల టోపీ తీసుకున్నాడు, పాట మొదలైంది. మధ్యలో రెండంటే రెండు సెకన్లు ముందుకు నడుస్తున్నట్టు కాళ్ళు వేస్తూ వెనక్కి జారాడు. ఆ రాత్రి 4 కోట్ల 70 లక్షల మంది చూశారట.

ఆ జారుడు అడుగు ఆయన కనిపెట్టింది కాదు, మీ స్నేహితులెవరైనా అట్లా అంటే దిద్దండి. బిల్ బెయిలీ అనే డ్యాన్సర్ 1950లలోనే అట్లా వెనక్కి జారాడు, ఫిల్మ్ ఉంది. 1982లో జెఫ్రీ డేనియల్ ఇంగ్లండు టీవీలో చేశాడు. మరి పేరంతా ఈయనకే ఎందుకొచ్చింది?

దీనికి జవాబు నాకు నా షాపులోనే దొరికింది. 1984 అనుకుంటాను, అమెరికాలో ఉద్యోగం చేసి వచ్చిన ఒక పెద్దమనిషి ఆ సభ వీడియో క్యాసెట్ తెచ్చి, టీవీలో బొమ్మ నిలవడం లేదు చూడమన్నాడు. తప్పు టీవీది కాదు. అమెరికా వాళ్ళ పద్ధతిలో సెకనుకు 30 బొమ్మలు, బొమ్మకు 525 గీతలు. మన పద్ధతిలో 25 బొమ్మలు, 625 గీతలు. ఆయన గల్ఫ్ నుంచి తెప్పించుకున్న వీసీఆర్, అంటే క్యాసెట్ ఆడించే పెట్టె, ఆ క్యాసెట్‌ను చదివింది కానీ, మన టీవీకి ఆ వేగం తెలియదు. రంగులు పోయి, బొమ్మ సినిమా రీలు ఊడినట్టు జారిపోతోంది. టీవీ వెనక వర్టికల్ హోల్డ్ అని చిన్న నాబ్ ఉండేది. దాన్ని వేళ్ళతో పట్టుకుని కొంచెం కొంచెం తిప్పుతూ ఉంటేనే బొమ్మ నిలిచేది, వదిలితే మళ్ళీ జారేది.

అట్లా తెల్లగా, నల్లగా, వణికిపోతున్న బొమ్మలో నేను మొదటిసారి ఆయన్ను చూశాను. ముఖం సరిగ్గా తెలియలేదు. చొక్కా తెలియలేదు. తెలిసినవి రెండే. ఎడమ చేతికి మెరిసే తొడుగు, కాళ్ళకు మెరిసే తెల్ల మేజోళ్ళు. ప్యాంటు చీలమండ పైకి కట్ చేసి ఉంది, కింద నల్ల బూట్లు. అంత పాడు బొమ్మలోనూ నా చూపు ఆ పాదాల మీద నుంచి పోలేదు! అప్పుడర్థమైంది, ఈ మనిషి స్టేజీకి కాదు, టీవీ పెట్టెకు తయారై వచ్చాడని. ఇంట్లో ఇరవై అంగుళాల తెర ఉన్నవాడు కూడా ఎక్కడ చూడాలో ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. ముందు రాత్రి వంటింట్లో ఒంటరిగా సాధన చేశానని ఆయనే రాశాడు. అంతా అయ్యాక, మునివేళ్ళ మీద అనుకున్నంతసేపు నిలబడలేకపోయానని బాధపడ్డాడట. మరునాడు ఫ్రెడ్ ఆస్టేర్ అనే పెద్ద డ్యాన్సరు ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. ఆయన తన సినిమాల్లో కెమెరా తల నుంచి కాళ్ళ దాకా చూపాలని పట్టుబట్టేవాడు. పాదాలు చూపించడమంటే ఏమిటో తెలిసిన మనిషి కాబట్టే ఫోన్ చేశాడని నా అనుమానం.

ఇప్పుడు పెద్దోడి ప్రశ్న. అవును నాయనా, ఆ 'బిల్లీ జీన్' పెదాలు కదిపిందే. అంతకుముందు అన్నలతో పాడింది నిజంగా పాడింది, ఇది మాత్రం రికార్డు. తిరునాళ్ళలో రికార్డు డ్యాన్స్ చూశారు కదా, పద్ధతి అదే. మీరు మోసం అంటారేమో, నేననను. భారతంలో అర్జునుడి వేషగాడు తపసు మాను ఎక్కుతూ మెట్టు మెట్టుకూ పద్యం పాడతాడు. అదొక విద్య, రొమ్ములో ఊపిరి ఉండాలి. ఇది ఇంకొకటి. రెంటినీ ఒకే తక్కెడలో వేయకూడదు. కానీ అసలు పాడగలడా అని అనుమానముంటే 1988లో గ్రామీ అనే సంగీత బహుమతుల సభ చూడండి. 'మ్యాన్ ఇన్ ద మిర్రర్' ఆ రాత్రి సొంత గొంతుతో పాడాడు. వెనక చర్చి పాటల బృందం. చివరికొచ్చేసరికి మాటలు విరిగిపోయి, మోకాళ్ళ మీద పడి, ఒట్టి కేకలు మిగులుతాయి. నాలుగేళ్ళ ముందు ఒక్క రాత్రే ఎనిమిది గ్రామీలు తీసుకున్న మనిషికి ఆ రాత్రి చేతికి ఒక్కటీ రాలేదు. నన్నడిగితే ఆయన టీవీలో చేసినవాటిలో అదే గొప్పది. మీ అవ్వ ఒప్పుకోదు, ఆమెకు టోపీ ఉండాలి.

ఇక మీ స్టేడియం. 1993 జనవరి 31, అమెరికా ఫుట్‌బాల్ పెద్ద ఆట, సూపర్ బౌల్. ఊరు మళ్ళీ పసదేనానే, చూశారా! అంతకుముందు ఏడాది ఆట మధ్య విరామంలో పెట్టిన కార్యక్రమం చప్పగా ఉందని కోట్ల మంది ఇంకో ఛానల్‌కు మారిపోయారు. అక్కడ సరిగ్గా అదే సమయానికి హాస్య కార్యక్రమం వేశారు. ఆట వాళ్ళకు గుబులు పుట్టింది, జనాన్ని కదలనివ్వని మనిషి కావాలని మైకేల్ దగ్గరికి పోయారు.

ఆయనేం చేశాడంటే, ముందు స్టేడియం పైనున్న పెద్ద తెరల మీద తనలాంటి వేషగాళ్ళను చూపించాడు. జనం అటు చూస్తుంటే, తాను మధ్యలో స్టేజీ కింద నుంచి ఎగిరి వచ్చి నిలబడ్డాడు. అంతే. దాదాపు నిమిషంన్నర కదల్లేదు. అరనిమిషం ప్రకటనకు కోట్ల రూపాయల లెక్కలో డబ్బు కట్టే చోట నిమిషంన్నర ఊరికే ఖర్చుపెట్టాడు! టీవీ వాళ్ళకు ఖాళీ తెర అంటే ప్రాణం మీదికొచ్చినట్టుంటుంది. మా షాపులో బొమ్మ అర నిమిషం కదలకపోతే, గిరాకీ వచ్చినవాడు పక్కన చెయ్యి పెట్టి పెట్టెను కొట్టేవాడు. ఇక్కడ 13 కోట్ల మందికి పైగా చూస్తూ ఎవరూ పెట్టెను కొట్టలేదు.

మన వీధినాటకంలో దుర్యోధనుడు వచ్చేటప్పుడు ఇద్దరు తెర పట్టుకుంటారు. కింద గజ్జెల కాళ్ళు, పైన కిరీటం కొన, అంతే కనిపిస్తుంది. మద్దెల మోగుతూనే ఉంటుంది, తెర దించరు. జనం ఈలలు వేసేది ఆ తెరను చూసే. లోపల ఎవరున్నారో తెలుసు కాబట్టి ఈలలు. ఈయనకు తెర కూడా అక్కర్లేదు. పదకొండేళ్ళ పిల్లవాడు, తెల్ల మేజోళ్ళు, మోకాళ్ళ మీది కేకలు, అన్నీ చూసిన జనం ఎదురుగా ఉన్నారు. ఎప్పుడు కదులుతాడా అని వాళ్ళ ఒంట్లోనే డ్యాన్స్ మొదలైంది. కళ్ళజోడు మెల్లగా తీసేసరికే సగం ఆట అయిపోయింది. ఇది అప్పటికప్పుడు తోచింది కాదు. నాలుగు నెలల ముందు రొమేనియాలో బుకారెస్ట్ కచేరీలోనూ అట్లాగే నిలబడ్డాడు, అదీ టీవీలో వచ్చింది.

ఆ ఏడాదే ఆయన మీద చిన్నపిల్లల విషయంలో చాలా తీవ్రమైన ఆరోపణ వచ్చింది. అది డబ్బు ఒప్పందంతో ముగిసింది. తర్వాత వచ్చిన ఇంకో కేసులో 2005లో కోర్టు నిర్దోషి అంది. ఆయన పోయాక కూడా కొందరు ముందుకొచ్చి మాట్లాడారు. మీరు పెద్దయ్యాక చదివి మీరే తేల్చుకోండి, నేను దాచిపెట్టి ఆయన గొప్పలు మాత్రమే రాస్తే తప్పవుతుంది.

2001లో న్యూయార్క్ కచేరీలో మళ్ళీ 'బిల్లీ జీన్' చేశాడు, అదీ టీవీలో వేశారు. ఈసారి చేతిలో పెట్టెతో వచ్చాడు. పెట్టె తెరిచి తీరిగ్గా తొడుగు తీసి వేసుకున్నాడు, టోపీ తీసి పెట్టుకున్నాడు. ఒక్కొక్క వస్తువుకూ ఒక్కొక్క కేక. ఆ రెండు సెకన్ల అడుగు కోసం జనం పద్దెనిమిదేళ్ళుగా ఎదురుచూస్తూనే ఉన్నారు.

ఆ క్యాసెట్ తీసుకుపోవడానికి పెద్దమనిషి మళ్ళీ రాలేదు. అటక మీద పాత టీవీ పక్కనే ఉంది. బూజు కొంచెం పట్టింది, తుడిస్తే పోతుంది. వీసీఆర్ బెల్టు తెగింది, దాని కోసం ఇద్దరు ముగ్గురికి చెప్పి పెట్టాను. దొరికితే దసరాకు వేసి చూపిస్తా. బొమ్మ జారుతుంది కాబట్టి మీలో ఒకరు వెనక నాబ్ పట్టుకుని కూర్చోవాలి. ఎవరు కూర్చుంటారో ఇప్పుడే తేల్చుకుని రండి, ఇక్కడికొచ్చి కొట్లాడొద్దు.

మీ తాత