కొన్న ఈ-బుక్ అన్నిచోట్లా ఎందుకు తెరుచుకోదు: అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఫోన్ చేశారు. "అమ్మా, డబ్బులు కట్టి కొన్న పుస్తకం ఇది. ఇన్నాళ్లూ ట్యాబ్‌లో చదువుకున్నాను. ట్యాబ్ పాడైంది. మా అమ్మాయి కొత్త ఈ-రీడర్ కొనిచ్చింది. అందులో వేస్తే తెరుచుకోవట్లేదు. నువ్వు చేసిన ఫైల్లోనే ఏదో తేడా ఉంది, ఒకసారి చూడు" అన్నారు. పంపమన్నాను. మెయిల్లో వచ్చిన ఫైలు రెండు కేబీ కూడా లేదు. మూడువందల పేజీల నవల రెండు కేబీలో పట్టదు.

తెలుగు పుస్తకాల్ని ఈ-బుక్స్‌గా తయారుచేయడం నా పని, పదకొండేళ్లుగా. ప్రచురణకర్తలు ఇచ్చే పేజ్‌మేకర్ (అచ్చుకు పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) ఫైళ్లను యూనికోడ్‌లోకి, అంటే ఏ పరికరమైనా తెలుగును తెలుగుగానే గుర్తించే అక్షర సంకేతాల్లోకి మార్చి, ప్రూఫులు దిద్దించి, ఈపబ్ అనే ఈ-బుక్ ఫైలు చేసి ఇస్తాను. మాస్టారి లాంటి ఫోన్లు నెలకు నాలుగైదు వస్తాయి. అడిగే ప్రశ్నలు వేరైనా వాటి వెనకున్న అపోహలు అవే కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

అపోహ: డౌన్‌లోడ్ అయిన ఫైలే పుస్తకం

మాస్టారు పంపింది ఏసీఎస్‌ఎమ్ ఫైలు. అడోబ్ కంపెనీ తాళం (ఇతరులు తెరవకుండా, కాపీ చేయకుండా ఫైలుకు పెట్టే రక్షణ) వాడే స్టోర్లలో కొన్నప్పుడు మొదట చేతికి వచ్చేది అదే. అందులో పుస్తకం ఉండదు, పుస్తకం ఎక్కడుందో, ఎవరికి ఇవ్వాలో రాసి ఉంటుంది. తిరుమలలో దర్శనం టోకెన్ లాంటిది: టోకెన్ చేతికొచ్చినంత మాత్రాన దర్శనం అయిపోయినట్టు కాదు. దాన్ని కంప్యూటర్లో అడోబ్ డిజిటల్ ఎడిషన్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెరిచి, మీ అడోబ్ ఐడీ ఇస్తే అప్పుడు అసలు ఈపబ్ దిగుతుంది. అది కూడా ఆ ఐడీతో నమోదైన పరికరాల్లోనే తెరుచుకుంటుంది.

కాబట్టి ఆ చిన్న ఫైలును పెన్‌డ్రైవ్‌లో భద్రంగా దాచుకుని పుస్తకం దాచుకున్నామనుకోకండి. ఇంకో మాట, మొదటిసారి ఏ ఐడీతో తెరిచారో అది గుర్తుంచుకోండి. మాస్టారి ట్యాబ్‌లో ఐడీ పెట్టింది పక్కింటి కుర్రాడు. అతని మెయిల్‌తోనే పెట్టాడు.

అపోహ: ఫార్మాట్ కుదరకపోవడమే అసలు సమస్య

నేను ఎక్కువసేపు మాట్లాడాల్సింది దీని గురించే. ఫార్మాట్ వేరు, తాళం వేరు. తాళం అంటే డీఆర్‌ఎం. ఈ రెండూ కలగాపులగం కావడం వల్లే సగం గందరగోళం.

ఫార్మాట్‌లో రహస్యమేమీ లేదు. తాళం లేని ఈపబ్ మీ దగ్గర ఉంటే దాని కాపీ ఒకటి తీసి, చివర ఈపబ్ అన్నచోట జిప్ అని మార్చి తెరిచి చూడండి. లోపల అధ్యాయానికో వెబ్ పేజీ, బొమ్మల ఫోల్డరు, అక్షరాలు ఎలా కనపడాలో చెప్పే స్టైల్ ఫైలు, ఏ అధ్యాయం తర్వాత ఏది రావాలో చెప్పే జాబితా ఉంటాయి. చిన్న వెబ్‌సైట్‌ను మూట కట్టినట్టు ఉంటుంది. 2007లో ప్రమాణంగా వచ్చింది, 2011లో ఈపబ్ 3 అయింది. ఇప్పుడు దాని బాగోగులు చూసేది వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ సంస్థే.

అమెజాన్ దారి వేరు. 2000లో ఫ్రాన్స్‌లో పుట్టిన మోబీపాకెట్ అనే కంపెనీని 2005లో కొనేసింది. 2007 నవంబర్‌లో అమెజాన్ ఈ-రీడర్ కిండిల్ వచ్చినప్పుడు దాని ఏజడ్‌డబ్ల్యూ ఫైళ్లకు పునాది ఆ కంపెనీ ఫార్మాట్ మోబీయే. 2011లో ఏజడ్‌డబ్ల్యూ3, 2015లో కేఎఫ్‌ఎక్స్ వచ్చాయి. పేర్లు చూసి భయపడనక్కర్లేదు. లోపలి సరుకు చాలావరకు ఈపబ్‌లో ఉన్నదే, కట్టిన మూట తీరు మారిందంతే. ప్రచురణకర్త తరఫున మేం అమెజాన్‌కు పంపేది కూడా ఈపబ్బే, వాళ్ల ఫార్మాట్‌లోకి మార్చుకునేది వాళ్లే.

"కిండిల్‌లో ఈపబ్ పనిచేయదు" అని ఇప్పటికీ చాలామంది అంటుంటారు. 2022 నుంచి సెండ్ టు కిండిల్ సేవ ఈపబ్ తీసుకుంటోంది. మీ కిండిల్ మెయిల్ అడ్రసుకు పంపితే వాళ్లే మార్చి మీ లైబ్రరీలో పెడతారు. విచిత్రమేమిటంటే, వాళ్ల సొంత మోబీ ఫైళ్లను ఆ సేవ ఇప్పుడు తీసుకోవడం లేదు. ఇదంతా తాళం లేని ఈపబ్‌కే. అడోబ్ తాళం ఉన్న ఫైలు పంపితే వెనక్కి కొడుతుంది.

అపోహ: కాలిబర్‌లో వేస్తే ఏదైనా మారిపోతుంది

కాలిబర్ నాకు రోజూ అన్నం పెట్టే సాఫ్ట్‌వేర్. కోవిద్ గోయల్ అనే భారతీయుడు 2006లో మొదలుపెట్టారు, నేటికీ ఉచితమే. ఈపబ్‌ను ఏజడ్‌డబ్ల్యూ3గా, ఏజడ్‌డబ్ల్యూ3ని ఈపబ్‌గా నిమిషంలో మార్చేస్తుంది. కానీ తాళం తీయదు. తాళం ఉన్న పుస్తకం వేస్తే, దీనికి డీఆర్‌ఎం ఉంది, మార్చలేను అని చెప్పేస్తుంది.

తాళం తీసే దారులు నెట్‌లో ఉన్నాయి కదా అంటారు. చట్టం సంగతి తెలుసుకుని మాట్లాడుకుందాం. 2012 సవరణతో మన కాపీరైట్ చట్టంలో 65ఎ సెక్షన్ చేరింది. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి రక్షణను ఛేదిస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా. "ఉద్దేశంతో" అన్న మాట అందులో ఉంది. అమెరికాలో ఉన్న మనవాళ్లకు వర్తించే 1998 నాటి డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం ఇంకా కఠినం. కొన్ని మినహాయింపులు తప్పిస్తే, తాళం తీయడమే అక్కడ చట్టవిరుద్ధం. చట్టం ఎలా ఉన్నా స్టోర్ షరతులు వేరే ఉంటాయి. వాటిని దాటితే అకౌంట్ మూసేయొచ్చు.

అపోహ: ఒకసారి కొన్నాక నాదే

ఈ మాట చెప్పేటప్పుడు నాకు ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది. చాలా స్టోర్లలో మీరు కొనేది చదువుకునే అనుమతి మాత్రమే.

2009 జులైలో అమెరికాలో జరిగింది గుర్తుచేసుకోవాలి. జార్జ్ ఆర్వెల్ '1984', 'యానిమల్ ఫామ్' నవలల్ని హక్కులు లేని ఒకరు కిండిల్ స్టోర్‌లో అమ్మారు. సంగతి తెలిశాక అమెజాన్ ఆ కాపీల్ని పాఠకుల కిండిల్స్‌లోంచే తీసేసి డబ్బు వాపసు ఇచ్చింది. తర్వాత అప్పటి అమెజాన్ సీఈఓ జెఫ్ బెజోస్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. పుస్తకంలో నోట్స్ రాసుకున్న ఒక విద్యార్థి కోర్టుకు వెళ్లాడు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్ స్టోర్ మూసేసింది. డబ్బు మొత్తం తిరిగిచ్చింది, మార్జిన్లలో రాసుకున్నవాళ్లకు పాతిక డాలర్లు అదనంగా కూడా ఇచ్చింది. కానీ పుస్తకాలు మాత్రం అదే ఏడాది జులైలో పోయాయి. తాళంచెవి ఇచ్చే సర్వరే లేనప్పుడు ఫైలు ఉండీ ఏం లాభం?

2025 జనవరి నుంచి కాలిఫోర్నియాలో ఒక చట్టం అమల్లో ఉంది. డిజిటల్ వస్తువు అమ్మేటప్పుడు "కొనండి" అని రాస్తే, అది నిజానికి లైసెన్స్ మాత్రమేనని స్పష్టంగా చెప్పాలి. ఇలాంటిది మన దగ్గర కూడా రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. అదే ఏడాది ఫిబ్రవరి 26న, కొన్న కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్లోకి దింపుకుని కేబుల్‌తో ఎక్కించుకునే సదుపాయాన్ని అమెజాన్ తీసేసింది. వైఫై సరిగా రాని ఊళ్లలో ఉన్నవాళ్లకు అది ఎంత పెద్ద ఆసరానో వాడినవాళ్లకే తెలుసు.

వారసత్వం మాట కూడా ఇక్కడే చెప్పాలి. బీరువాలో పుస్తకాలు పిల్లలకు వస్తాయి. లైసెన్స్ మామూలుగా బదిలీ కాదు. సెకండ్‌హ్యాండ్‌గా అమ్ముకోవడం కూడా కుదరదు. ఐరోపా న్యాయస్థానం 2019 డిసెంబర్‌లో ఈ-బుక్స్ విషయంలో ఆ మాటే తేల్చింది.

అపోహ: ఇవన్నీ ఎందుకు, తెలుగుకు పీడీఎఫ్ చాలు

పీడీఎఫ్ అన్నిచోట్లా తెరుచుకుంటుంది, నిజమే. కానీ ఆరంగుళాల తెర మీద డెమీ సైజు (మామూలు అచ్చు నవల సైజు) పేజీని చదవడం అంటే వేలితో అటూ ఇటూ జరుపుకుంటూ కూర్చోవడమే. అరవై దాటినవాళ్లు అక్షరం పెద్దది చేసుకుంటే వాక్యం సగం తెర బయటికి పోతుంది. ఈపబ్‌లో అక్షరం పెంచితే వాక్యం సర్దుకుని కింది లైన్లోకి దిగుతుంది.

ఇంకా లోతైన చిక్కు ఒకటుంది. మన పాత డీటీపీ పుస్తకాలు ఎక్కువగా అనూ ఫాంట్లలో చేసినవి. ఆ ఫైల్లో నిజానికి తెలుగు లేదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చోబెట్టారు. కంటికి "అమ్మ" అని కనపడుతుంది, వెతికితే దొరకదు, కాపీ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి. చూపులేని పాఠకుల కోసం ఫోన్ చదివి వినిపించబోతే నోటికి రాని శబ్దాలు పలుకుతుంది. అందుకే యూనికోడ్‌లోకి మార్చకుండా ఈ-బుక్ చేయనని నేను మొండిగా చెప్తాను.

మార్చాక కూడా పని అయిపోదు. ఒక నవలలో నాయకుడి పేరు రాజ్‌కుమార్. ఫైలు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి వెళ్లే దారిలో పొల్లు తర్వాత ఉండే కనపడని గుర్తు ఎగిరిపోయింది. పుస్తకమంతా అతను "రాజ్కుమార్" అయ్యాడు, జ కింద క ఒత్తుతో. ఆ రాత్రి రెండింటిదాకా కూర్చుని ఒక్కొక్కటీ సరిచేశాను, ఎందుకంటే అన్ని పొల్లుల తర్వాతా ఆ గుర్తు పెట్టేస్తే అసలైన ఒత్తులు విడిపోతాయి. ఇంకొన్ని యాప్‌లలో లైన్ల మధ్య దూరం చాలక "రాష్ట్రం"లో కింది ఒత్తు తెగిపోతుంది. అందుకే ఒకే పుస్తకాన్ని ఫోన్లో, ట్యాబ్‌లో, ఈ-ఇంక్ రీడర్‌లో తెరిచి చూడకుండా నేను ఎవరికీ పంపను.

కిండిల్ సంగతి చాలామంది అడుగుతారు. 2016 డిసెంబర్‌లో అమెజాన్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలతో భారతీయ భాషల విభాగం మొదలుపెట్టింది. ఆ ఐదింటిలో తెలుగు లేదు. మన ప్రచురణకర్తలు సొంత దారులు వెతుక్కోవడానికి, పాఠకుల దగ్గర రకరకాల యాప్‌లు పోగవడానికి అదొక కారణం.

అపోహ: విదేశానికి వెళ్తే అకౌంట్ మారిస్తే సరి

కొత్త అకౌంట్ తెరిస్తే పాత పుస్తకాలు దాంతో రావు. ఉన్న అకౌంట్‌లోనే దేశం మార్చుకోండి. గూగుల్ ప్లేలో దేశం ఏడాదికి ఒక్కసారే మార్చగలరు కాబట్టి రెండు నెలల కోసం పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది. అకౌంట్‌లోకి లాగిన్ కావడానికి ఫోన్ నంబరు ఒక్కటే నమ్ముకోకండి. ఇండియా సిమ్ ఆగిపోతే ఓటీపీ రాదు, టెన్షన్ మొదలవుతుంది.

అపోహ: తాళం లేకపోతే పైరసీ పెరిగిపోతుంది

ఇది పాఠకుల అపోహ కాదు, మా ప్రచురణకర్తలది. సైన్స్ ఫిక్షన్ ప్రచురించే టోర్ సంస్థ 2012లో తన ఈ-బుక్స్‌కు తాళం తీసేసింది. దాదాపు ఏడాది గడిచాక, పైరసీ పెరిగినట్టు ఏమీ కనపడలేదని ఆ సంస్థ బ్రిటన్ విభాగం చెప్పింది.

మన సంగతి చూడండి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే తెలుగు నవలల పీడీఎఫ్‌లు తెరిచి చూస్తే పేజీ పక్కన బొటనవేలు నీడ, మధ్యలో బైండింగ్ మడత కనపడతాయి. అవి అచ్చు పుస్తకం స్కాన్లు. ఈ-బుక్‌కు ఎంత పెద్ద తాళం వేసినా వాటిని ఆపలేదు. ఆ తాళం ఆపింది డబ్బులిచ్చి కొన్న మాస్టారిని.

తాళం బదులు కొన్నవాళ్ల పేరు మొదటి పేజీలో ముద్రించే పద్ధతి ఉంది. ఫైలు ఏ పరికరంలోనైనా తెరుచుకుంటుంది, పేరుంది కాబట్టి ఎక్కడపడితే అక్కడ పంచడానికి మనసొప్పదు. మాస్టారి నవల ప్రచురణకర్తకు ఇదంతా వివరించాను. ఆయన రెండు రోజులు ఆలోచించి సరేనన్నారు. పోయిన మంగళవారం మాస్టారి పేరుతో కొత్త ఈపబ్ తయారుచేసి పంపాను. సాయంత్రం ఫోన్ వచ్చింది. తెరుచుకుందట. పన్నెండో పేజీలో "విద్యార్థి"కి ఒత్తు పోయిందని కూడా చెప్పారు. ఈ రోజు అది దిద్దుతున్నాను.