జ్వరం, కుంటి నడక, మామూలుగా వచ్చిన ఎక్స్‌రే

నిన్నటిదాకా ఇల్లంతా పరుగెత్తిన పిల్లాడు పొద్దున లేచి కాలు కింద పెట్టనంటాడు. ఒళ్లు కాలుతుంటుంది. ఇంట్లోవాళ్లకు మొన్న పడ్డ సంగతి గుర్తొస్తుంది. ఆ వయసులో పడని రోజెక్కడిది? బెణికిందిలే అని తైలం రాసి మర్దన చేస్తారు. ఎక్స్‌రేలో ఏమీ లేదంటే ఉన్న కాస్త టెన్షన్ కూడా పోతుంది.

కానీ అది బెణుకు కాక ఎముకకు బ్యాక్టీరియా పట్టడం కావొచ్చు. అలాంటప్పుడు తొలి వారం, పది రోజులు ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు. ఎముకలోని ఖనిజం 30 నుంచి 50 శాతం కరిగితే తప్ప అందులో తేడా తెలియదు. ఎమ్మారై ముందే పట్టేస్తుంది.

పిల్లలకే ఎక్కువ ఎందుకంటే, పొడవాటి ఎముకల చివర ఎదుగుదల పొర పక్కన సన్నటి రక్తనాళాలు మెలిక తిరుగుతాయి. అక్కడ రక్తం నెమ్మదిస్తుంది. గీరుకున్న చర్మం గుండా రక్తంలో చేరిన స్టెఫైలోకోకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా, కాలువ వంపులో ఒండ్రులా అక్కడ నిలిచిపోతుంది. మోకాలికి అటూ ఇటూ ఉన్న ఎముకలకు ఈ జబ్బు తరచుగా వచ్చేది అందుకే. ఏడాదిన్నర లోపు పసివాళ్లలో ఆ నాళాలు పొరను దాటి వెళ్తాయి కాబట్టి చీము కీలులోకీ దిగుతుంది. తుంటి కీలైతే మరీ ప్రమాదం: లోపలి ఒత్తిడికి తొడ ఎముక తలకు రక్తం అందదు. వెంటనే చీము తీసి కడగాలి, మర్నాటికి వాయిదా వేయకూడదు.

జ్వరం తక్కువేగా అని ధీమా పడటానికీ లేదు. నాలుగేళ్లలోపు పిల్లల గొంతులో ఉండే కింగెల్లా కింగే అనే బ్యాక్టీరియా పెద్దగా జ్వరం లేకుండానే కీళ్లను పట్టుకుంటుంది. ల్యాబులో బ్యాక్టీరియాను పెంచి చూసే మామూలు కల్చర్ ప్లేట్ల మీద సరిగా పెరగదు కాబట్టి ఏళ్ల తరబడి ల్యాబులకు చిక్కలేదు. ఇజ్రాయెల్‌లోని బీర్షెబాలో పాబ్లో యాగుప్‌స్కీ బృందం కీలు నీటిని బ్లడ్ కల్చర్ సీసాల్లో పోసి చూసింది. అది ఎన్ని కేసుల్లో ఉందో 1992లో వాళ్లు చెప్పాకే తెలిసింది.

వైద్యం ఒకప్పుడు వారాల తరబడి సూదులే. ఫిన్లాండ్‌లో హైక్కి పెల్టోలా బృందం 131 మంది పిల్లల మీద చేసిన పరిశోధన 2010లో వెలువడింది. మొదటి రెండు నాలుగు రోజులే సూది, తర్వాత నోటి మందు, మొత్తం 20 రోజులు. ఫలితం 30 రోజుల కోర్సుకు దీటుగా వచ్చింది. కాకపోతే ఆ పిల్లల్లో ఎంఆర్‌ఎస్‌ఏ అనే, మామూలు మందులకు లొంగని స్టెఫైలోకోకస్ రకం లేదు, మన ఆసుపత్రుల్లో ఉంది. అందుకే ఇక్కడ ఎన్ని రోజులన్నది కల్చర్ రిపోర్టు, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ రక్తపరీక్ష చూసి తేలుస్తారు. మందుల షాపులో అడిగి తెచ్చిన యాంటీబయాటిక్ సిరప్ ముందే పట్టించేస్తే ఆ కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు.