ఈథేన్ తిరుగుతుంది, కానీ ఊరికే కాదు: అపోహలు - వాస్తవాలు

ఆర్గానిక్ కెమిస్ట్రీ చెప్పేటప్పుడు ఆల్కేన్ల (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉండి, అన్నీ సింగిల్ బాండ్లే ఉన్న సమ్మేళనాలు) దగ్గరే విద్యార్థుల్లో కొన్ని అపోహలు పాతుకుపోతాయి. అప్పుడు సరిచేయకపోతే సైక్లోహెక్సేన్ (ఆరు కార్బన్ల వలయం) దగ్గరకొచ్చేసరికి ఇంకా టెన్షన్ పడతారు.

అపోహ: సింగిల్ బాండ్ చుట్టూ ఏ అడ్డూ లేకుండా తిరగవచ్చు.

1936లో కెంప్, పిట్జర్ అనే శాస్త్రవేత్తలు ఈథేన్ (రెండు కార్బన్ల ఆల్కేన్) ఎంట్రోపీ లెక్కలు చూసి, అడ్డు ఉందనుకుంటేనే అవి కుదురుతాయని తేల్చారు. ఆ అడ్డు, అంటే తిరగడానికి కావాల్సిన అదనపు శక్తి, మోల్‌కు సుమారు 12 కిలోజౌళ్లు. అది వినగానే కొందరు ‘అయితే తిరగదన్నమాట’ అనుకుంటారు. అదీ తప్పే. మామూలు గది ఉష్ణోగ్రత దగ్గర ఈథేన్ ఆ అడ్డును సెకనుకు కొన్ని వేల కోట్ల సార్లు దాటుతుంది. స్టాగర్డ్ (ఒక కార్బన్ మీది బాండ్లు ఎదుటి కార్బన్ బాండ్ల మధ్య ఖాళీల్లోకి వచ్చేది), ఎక్లిప్స్‌డ్ (బాండ్లు సరిగ్గా ఎదురెదురుగా వచ్చేది) రూపాలను రెండు సీసాల్లో విడదీయలేకపోవడానికి కారణం ఇదే.

అపోహ: ఎక్లిప్స్‌డ్ రూపంలో హైడ్రోజన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, అదే టోర్షనల్ స్ట్రెయిన్ (బాండ్లు ఎదురెదురుగా వచ్చినప్పుడు పెరిగే శక్తి).

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ మాటే, ఎందుకంటే వినడానికి చాలా సబబుగా ఉంటుంది. కొలిచి చూడండి. ఎదురెదురుగా వచ్చిన రెండు హైడ్రోజన్ల మధ్య దూరం సుమారు 2.3 ఆంగ్‌స్ట్రాంలు, వాటి వాన్ డర్ వాల్స్ వ్యాసార్ధాల (బాండ్ లేని పరమాణువులు ఎంత దగ్గరకు రాగలవో చెప్పే కొలతల) మొత్తం 2.4. అంటే అవి తాకీ తాకనట్టున్నాయంతే. ప్రొపేన్‌లో ఒక హైడ్రోజన్ స్థానంలో అంతకన్నా ఎంతో పెద్దదైన మిథైల్ (CH3) గ్రూపు వచ్చినా, అడ్డు 12 నుంచి 14కే పెరుగుతుంది. ఇరుకే అసలు కారణమైతే ఇంత కొంచెమే పెరుగుతుందా? అసలు కారణాలు రెండు. ఎదురెదురుగా వచ్చిన కార్బన్-హైడ్రోజన్ బాండ్లలోని ఎలక్ట్రాన్ జంటలు వికర్షించుకుంటాయి. పైగా స్టాగర్డ్ రూపంలో ఒక బాండ్‌లోని ఎలక్ట్రాన్లు ఎదుటి కార్బన్ మీది ఖాళీ యాంటీబాండింగ్ ఆర్బిటాల్‌లోకి కొంత విస్తరించి ఆ రూపాన్ని స్థిరపరుస్తాయి. దీన్నే హైపర్‌కాంజుగేషన్ అంటారు. రెండింట్లో దేని వాటా ఎంత అన్నది నిపుణులు ఇంకా వాదించుకుంటున్న విషయం. పరీక్షలో రెండూ రాయండి.

అపోహ: బ్యూటేన్ (నాలుగు కార్బన్ల ఆల్కేన్) గాష్ రూపంలో (రెండు చివరి మిథైళ్ల మధ్య కోణం 60 డిగ్రీలు) టోర్షనల్ స్ట్రెయిన్ ఉంటుంది.

గాష్ కూడా స్టాగర్డ్ రూపమే! 60 డిగ్రీల కోణంలో బాండ్లు ఎదురుపడవు. అక్కడున్న 3.8 కిలోజౌళ్లు రెండు మిథైళ్లు దగ్గర కావడం వల్ల వచ్చిన స్టెరిక్ స్ట్రెయిన్. న్యూమన్ ప్రొజెక్షన్ (బాండ్ వెంబడి ముందు నుంచి చూసినట్టు వేసే బొమ్మ) గీసి చూస్తే ఇందులో సందేహమే ఉండదు.

అపోహ: యాంటీ (రెండు మిథైళ్లు 180 డిగ్రీల ఎడంగా ఉండే రూపం) స్థిరమైనది కాబట్టి బ్యూటేన్ అంతా యాంటీలోనే ఉంటుంది.

గది ఉష్ణోగ్రత దగ్గర యాంటీ సుమారు 70 శాతమే. గాష్‌కు ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాల్లాంటి రెండు రూపాలున్నాయి, మిగతా 30 శాతం దాదాపుగా ఆ రెండింటిదే.

ఇక ‘పెద్ద గ్రూపులు ఎప్పుడూ దూరంగానే ఉంటాయి’ అనే సూత్రాన్ని ఆల్కేన్లు దాటాక గుడ్డిగా వాడకండి. 1,2-డైఫ్లోరోఈథేన్‌లో రెండు ఫ్లోరిన్లకూ యాంటీ కన్నా గాషే ఇష్టం.